ఎదురు క్వార్టర్ బాబాయి చేసిన కప్పులు

సెక్టర్ 7లో మా ఎదురు క్వార్టర్ బాబాయి పోయిన నెల పోయారు. ఉదయం టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చున్న మనిషి మరి లేవలేదని పిన్ని చెప్పింది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో మీకు చెప్పాలి.

బాబాయి ఇక్కడి స్టీల్ ప్లాంటులో ఫర్నేసుల లోపల మంటకు ఓర్చే ఇటుకలు పేర్చేవారు. రిటైరయ్యాక పెరట్లో చిన్న బట్టీ కట్టుకుని మట్టి కప్పులు కాల్చడం మొదలుపెట్టారు. కొత్త కప్పు చేస్తే వారం రోజులు తనే అందులో టీ తాగి చూసేవారు. "సేతికి బరువు తెలియాల, పెదవికి తెలియకూడదు" అనేవారు. నచ్చకపోతే పగలగొట్టేవారు. నేను అడ్డుపడి తెచ్చుకున్నవే మా ఇంట్లో ఉన్నాయి. టీని నెమ్మదిగా తాగడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

నెహ్రూ నగర్‌లో జపాన్ భోజనం పెట్టే హోటలు తెరిచిన ఒక పెద్దమనిషి ఈ కప్పులు చూశాడు. ఒక్కో వంటకానికి ఒక్కో సాకే, ఒక్కో సాకేకి ఒక్కో రకం కప్పు కావాలన్నాడు. సాకే అంటే బియ్యం పులియబెట్టి తీసే మద్యమని విని బాబాయి నవ్వారు.

"మన తరవాణీకి సుట్టమే గదేటి!"

చుక్క ముట్టని మనిషి, ఆ రుచులన్నీ అడిగి రాసుకున్నారు. పచ్చి చేపతో చల్లగా తాగేదానికి వెడల్పు మూతి, పల్చటి అంచు. కాల్చిన వంకాయతో వెచ్చగా తాగేదానికి అరచేతిలో ఇమిడే మందపాటి కప్పు. ఆ వేసవంతా బట్టీ ముందే గడిపారు.

మొదటి విందు రోజు, తన కప్పులు జనం చేతుల్లో ఎలా ఉన్నాయో చూద్దామని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళారు. ఆ యజమాని ఆయన్ని వంటింటి గుమ్మం దగ్గరే నిలబెట్టాడు. అతను కప్పులు చూపిస్తూ అతిథులతో హిందీలో అంటున్నది అక్కడికి వినబడింది: "జపాన్ సే మంగవాయా హై." జపాన్ నుంచి తెప్పించాడట. తర్వాత బాబాయికి టీ ఇప్పించాడు, కాగితం గ్లాసులో.

"పేరు సెప్పకపోతే పోనీ. నా కప్పుల ముందర నాకు కాయితం గ్లాసిచ్చేడే అమ్మీ" అన్నారు ఇంటికొచ్చి.

మరి ఆ హోటలుకు ఒక్క కప్పూ ఇవ్వలేదు. చేయడం మాత్రం ఆపలేదు. అంతకంటే మంచివి చేసి అటక మీద దాచారు. "నాను పోయేక ఆడొస్తాడు. ఒక్కటీ ఆడి సేతికెళ్ళకూడదు" అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ క్షమాగుణం గురించి రాస్తారు. మా బాబాయి క్షమించలేదు. నేనూ క్షమించలేదు.

పెద్దకర్మ రోజు అటక మీది కప్పులన్నీ దించాను. ప్లాంటు స్నేహితులకు, వీధిలో వాళ్ళకు, కూరగాయలమ్మే దీదీకి, అందరికీ వాటిలోనే టీ ఇచ్చాం. అతను రానే వచ్చాడు. ఫొటోకు దండ వేసి, మిగిలిన కప్పులన్నీ తనకిమ్మని పిన్నిని అడిగాడు. పిన్ని నా వైపు చూసింది. నేను లోపలికెళ్ళి అతనికి టీ తెచ్చాను, కాగితం గ్లాసులో.

అతను చుట్టూ అందరి చేతుల్లోకి చూశాడు. "ఉస్ కప్ మే నహీఁ?" అన్నాడు, ఆ కప్పులో ఇవ్వరా అన్నట్టు.

"అవా? జపాన్ సే మంగవాయా హై, భయ్యా" అన్నాను.

ఎవరూ కుర్చీ జరపలేదు. అతను గుమ్మం దగ్గరే నిలబడి, కాలుతున్న గ్లాసును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ ఉన్నాడు. పిన్ని లేచి, బాబాయి ఫొటో ముందున్న కప్పులో ఇంకాస్త వేడి టీ పోసింది.