వాలుకి పోయినవాడు

హున్రోకి కుదురు లేదని వాసెత్ నగరంలో పేరు. పిండి పిసుకుతూ మధ్యలో లేచి రేవుకి పోయేది. తిరిగొచ్చేసరికి పొయ్యిలో రొట్టెలు మాడి ఉండేవి. తిట్లు తినేది, మర్నాడు మళ్ళీ పోయేది.

ఆమె పుట్టినప్పుడు రాజు చిన్నపిల్లాడు, పెత్తనమంతా సవతి తల్లిది. ఆవిడ పోయి పగ్గాలు చేతికొచ్చాక ఆ రాజు ఇంటిపట్టున ఉంటే ఒట్టు. ఏటా కోతలవగానే బూరలు మోగేవి, సైన్యం పడవలెక్కి ఉత్తరానికి పోయేది. జనం జేజేలు కొట్టేవారు. పెళ్ళయ్యేదాకా హున్రో కూడా కొట్టింది. పెళ్ళి రాజుగారి బల్లెం బంటు కెన్నాతో అయింది. గొప్ప ఈతగాడు, ఉల్లిపాయ లేనిదే రొట్టె ముట్టేవాడు కాదు. రాజు గెలిచిన ఊళ్ళ పేర్లు గుడిగోడల మీద పెరుగుతుంటే, హున్రో సైన్యానికి ఎండురొట్టెలు కాలుస్తూ, మొగుడు ఎప్పుడొస్తాడా అని అల్లాడుతూ బతికింది.

ఆ దేశానికి ఉన్నది ఒక్కటే నది. దక్షిణాన పుట్టి ఉత్తరానికి పారుతుంది. అందుకని ఉత్తరాన్ని వాలు అనేవారు, దక్షిణాన్ని ఎదురు అనేవారు. కుండ జరపాలన్నా "కాస్త వాలుకి జరుపు" అనడమే అలవాటు.

రాజు అన్నిటికన్నా దూరం వెళ్ళి, ఎక్కడో పరదేశంలో ఓ మహానది దాటి శత్రువు గడప తొక్కిన ఏడు, కెన్నా తిరిగి రాలేదు. గాయాలతో ముందుగా వచ్చిన బంటు ఒకడు ప్రాణం పోయేముందు ఒక్క మాటే చెప్పాడు.

"కెన్నానా? వాలుకి పోయాడు."

వాలుకి అంటే ఇంకా ఉత్తరానికి, శత్రువుల్లోకి. ఊరికి అంతకన్నా ఏం కావాలి? మరిది పషెద్ గుమ్మంలో నిలబడే తేల్చేశాడు.

"వదినా, ఇక మా ఇంట్లో ఆ ద్రోహి పేరెత్తకు. పెద్దలకి నీళ్ళు పోసేటప్పుడు వాడి పేరు కలిపేది లేదు."

"బతికున్నోడికి నీళ్ళెందుకయ్యా?" అంది హున్రో.

"చచ్చినా పొయ్యను. దాహంతో అల్లాడనీ."

పేరు పిలిచి నీళ్ళు పోసే దిక్కు లేకపోతే చచ్చినవాడు మరోసారి చస్తాడని వాళ్ళ నమ్మకం. అంత మాట అన్నా హున్రో ఏడవలేదు. నిజం చెప్పాలంటే లోలోపల సంతోషించింది. పారిపోయినవాడు బతికే ఉంటాడు కదా.

పక్క పొయ్యి దగ్గర రొట్టెలు కాల్చే తామిత్ ఊరుకునేది కాదు. "మీ ఆయన ఈపాటికి గడ్డం పెంచి, గొర్రెతోలు కప్పుకుని, ఇంకోదాన్ని తగులుకుని ఉంటాడే."

"ఉండనీ. పాపం, దానికి రొట్టె కాల్చడం వచ్చో రాదో," అనేది హున్రో.

సిగ్గులేనిదన్నారు. అననీ అనుకుంది. కానీ నిద్ర మాత్రం పట్టేది కాదు. ఎక్కడున్నాడో, ఏం తింటున్నాడో, నేనొకదాన్ని ఉన్నానని గుర్తుందో లేదో. ఏళ్ళు గడిచాయి గానీ ఆ గుబులు పోలేదు.

రాజు ముసలివాడయ్యాడు, బూరలు ఆగాయి. ఒంటికన్ను మిన్‌నఖ్త్ అనే పాత సైనికుడు కోట కాపలాలో చేరి, రొట్టెల కోసం రోజూ వచ్చేవాడు. ఆడవాళ్ళని నవ్వించడం ఆయనకి సరదా.

"అప్పట్లో రాజుగారితో దాటామే, ఆ మహానది, అది తలకిందుల నది తల్లీ. మన నదికి పూర్తిగా తిరగబడి పారుతుంది. వాలుకి పోతే దక్షిణం తగులుతుంది. మా పడవలవాళ్ళకి బుర్ర తిరిగిపోయిందంటే నమ్ము."

అందరూ పగలబడి నవ్వి, ఎవరి పొయ్యి దగ్గరికి వాళ్ళు పోయారు. హున్రో చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

"మరి మనిషి వాలుకి పోయాడంటే?"

"ఇంకేముంది, కొట్టుకుపోయాడనే. తాళ్ళు పట్టుకుని ముందు ఈదినవాళ్ళు చాలామంది అలాగే పోయారు. శవాలు కూడా దొరకలేదు."

"కెన్నా అని..."

"ఈతగాడు కెన్నానా? మొదటి తాడు వాడిదే. అవతలి ఒడ్డున కట్టేసి, ఇంకొకణ్ణి లాగడానికి మళ్ళీ దూకాడు." రొట్టెలు మూట కట్టుకుని కోటకి పోయాడు.

కెన్నాని ఊరు ద్రోహి అన్న మాట మిన్‌నఖ్త్‌కి తెలియదు. ఆ సంగతి హున్రో చెప్పకపోతే ఊళ్ళో ఎవరికీ తట్టదు. చెప్పకపోతే కెన్నా ద్రోహిగానైనా బతికే ఉంటాడు. హున్రోకి అది ఎంత తీపిగా తోచిందో ఆమెకే తెలుసు. కానీ చచ్చినవాళ్ళ లోకంలో దాహంతో ఉన్నాడేమోనన్న ఆలోచన ఆమెని కూర్చోనివ్వలేదు. పిండిచేతులతోనే పషెద్ ఇంటికి నడిచింది.

విన్న పషెద్ నేల మీద కూలబడ్డాడు. "అన్ననా నేను అంతేసి మాటలన్నది," అంటూ చంటిపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత లేచి, కుండ నిండా నీళ్ళు తీసుకుని, పెద్దల సమాధి వాకిట్లో నిలబడ్డాడు. కుండ వంచబోతుంటే హున్రో అతని చెయ్యి పట్టుకుంది.

"కాసేపు ఆగు పషెద్. నువ్వు పొయ్యగానే ఆయన చచ్చిపోతాడు."

పషెద్ ఆగాడు. ఎండ మండిపోతోంది. ఇద్దరూ ఆ కుండని పట్టుకుని అలాగే నిలబడ్డారు. చాలాసేపటికి హున్రో తనే మొగుడి పేరు పిలిచి, చెయ్యి వదిలింది.