సూర్యారావుగారి నిలువు రూపాయి

మా ఇంటి ఓనరు సూర్యారావుగారు రూపాయి బిళ్ళ నిలబెట్టి చూడనిదే ఏ వస్తువునూ నమ్మరు. బిళ్ళను అంచు మీద నిలబెడతారు. నిలబడితే ఆ వస్తువు మంచిది. పడిపోతే అది ఎంత గొప్పదైనా ఆయన దృష్టిలో తుక్కు కిందే లెక్క.

ఈ అలవాటు ఫ్యాక్టరీలో అంటుకుంది. రాజమండ్రి వైపు నుంచి కుర్రతనంలోనే పటాన్‌చెరు వచ్చేసి, ముప్ఫై ఆరేళ్ళు ఒక పెద్ద ప్లాంటులో మిషన్లు బిగించారాయన. తిరిగే మిషన్ మీద రూపాయి నిలబడిందంటే బిగింపు కుదిరినట్టు. రిటైరయ్యాక మిషన్లు లేవు కనుక ఫ్రిజ్ మీద, మిక్సీ మీద, చివరికి షేరాటోలో డ్రైవరు సీటు వెనక కమ్మీ మీద నిలబెట్టేవారు. ఒక పెళ్ళిలో అక్షింతలు వేయడానికి వేదికెక్కి, ముందు వంగి రూపాయి నిలబెట్టారు. పడిపోయింది. "కాస్త అటు జరగండి బాబూ, ఇటు స్టేజీ కాలు లూజుగా ఉంది" అని పెళ్ళికొడుకుతో అన్నారు. ఆయన భార్య దుర్గాదేవిగారు ఆ తర్వాత ఆరునెలల పాటు ఏ పెళ్ళికైనా ఒంటరిగానే వెళ్ళొచ్చారు.

ఆయన దగ్గర నా నడుమెత్తు స్పీకర్లు రెండున్నాయి. రోజూ పదకొండు నుంచి పన్నెండు దాకా పాత పాటలు వినకపోతే ఆయనకు అన్నం సహించదు. చిక్కల్లా నేలతోనే. మేడ మీద హాలు వేసుకుందామంటే పాత గోడలు స్లాబు బరువు మోయవన్నారట. ఈయన ఊరుకుంటారా? ఇనప దూలాలు వేయించి, ఫ్యాక్టరీలకు మిషన్లు వచ్చే చెక్కపెట్టెలు కొని, ఆ పలకలతో నేల పరిపించేశారు. ఆయన నేలే మాకు కప్పు. కింది వాటాలో ఉండేది నేను, మా ఆవిడ స్వరూప. మంచం మీద పడుకుని పైకి చూస్తే గొడుగు బొమ్మ, దాని పక్కన పగిలే సరుకని చెప్పే గ్లాసు బొమ్మ కనిపిస్తాయి.

నేను జోగిపేటవాణ్ణి. ఇక్కడ మందుల కంపెనీలో కొత్తగా చేరాను. ఆరునెలలు ట్రైనింగు, అన్నీ నైట్ షిఫ్టులే. పొద్దున తొమ్మిదింటికి నడుం వాలిస్తే పదకొండింటికి కప్పు మోగేది. పోనీ పాటైనా వినిపించేదా అంటే అదీ లేదు. పాడే గొంతు పైనే ఉండిపోయి డోలు దెబ్బ ఒక్కటే కిందికి దిగేది. మూడు వారాలకు డ్యూటీలోనే కునికాను. ఇంకోసారి కళ్ళు మూస్తే ఇంటికి పంపిస్తానన్నాడు సూపర్‌వైజరు.

సారును పాటలు ఆపమనడానికి నాకు నోరు రాలేదు. మేం దిగిన రోజు మా బీరువాకు భుజం పట్టింది ఆయనే. మోసి ఊరుకోలేదు. దాని మీద రూపాయి నిలబడేదాకా కాళ్ళ కింద అట్టముక్కలు మార్చారు. అందుకని నేను కర్దనూర్‌లో ఒక గది చూసి వచ్చాను. నెలాఖరుకు వెళ్ళిపోతామని స్వరూప దుర్గాదేవిగారి చెవిన వేసింది.

సరిగ్గా ఆ వారమే సూర్యారావుగారికి స్పీకర్ల పిచ్చి ముదిరింది. మొదట నూరుద్దీన్ లేత్ షాపులో ఎనిమిది ఉక్కు మొనలు చేయించి స్పీకర్ల కింద బిగించారు. డోలు దెబ్బ సూటిగా వచ్చి నా గుండె మీదే పడింది. తర్వాత టెన్నిస్ బంతులు సగానికి కోసి పెట్టారు. ఒక స్పీకరు మెల్లగా ముందుకు వంగింది. "నయం, ఈ ఇంట్లో ఇదైనా నాకు దణ్ణం పెట్టింది" అన్నారట దుర్గాదేవిగారు. ఆపైన స్పీకర్ల కింద పెట్టడానికి, వంటగది గట్టుకు పోగా మిగిలిన గ్రానైట్ రాళ్ళు పైకి చేర్చాల్సి వచ్చింది. డ్యూటీ దిగి వచ్చిన నేనూ ఒక చెయ్యి వేశాను. నా నిద్రకు సమాధి కట్టే రాళ్ళు నేనే మోస్తున్నానని ఏడుపొచ్చింది. మనిషి నిద్రకు మొహం వాచిపోతుంటే ఈయనకు సంగీతం ఇంకా శ్రేష్ఠంగా కావాల్సి వచ్చిందా అని లోపల తిట్టుకున్నాను కూడా.

ఆ రాళ్ళు దించినప్పుడే, మాతోపాటు మోసిన లేత్ షాపు నూరుద్దీన్ నడుం పట్టుకుని ఒక మాట అన్నాడు. "సారూ, జిందగీ అంతా బిగించుడే నేర్సినవ్. సిమెంటు నేల అయితే ఓకే. గీ చెక్కను బిగిస్తే చెక్కే మోగుతది. గీడ జెర ఇడిసిపెట్టాలె."

ఆ మాట సూర్యారావుగారి బుర్రకెక్కింది. ఆ సాయంత్రమే స్కూటర్ ట్యూబులు రెండు తెచ్చి, సగం గాలి కొట్టి, వాటి మీద రాళ్ళు, రాళ్ళ మీద స్పీకర్లు ఎక్కించారు.

నెలాఖరుకు మూడు రోజులుంది. నాకు వారాంతపు సెలవు. సామాను సర్దుతూ బీరువా జరపబోతే దాని మీద రూపాయి బిళ్ళ నిలబడి ఉంది. ఇదేందని అడిగాను. స్వరూప గోడ గడియారం చూసి, "సారు వచ్చే యాళ్ళయింది. మాట్లాడకుండ పండుకో, నీకే తెలుస్తది" అంది.

దుప్పటి కప్పుకుని ఓరకంట చూస్తున్నాను. సూర్యారావుగారు చెప్పులు చేత్తో పట్టుకుని మునివేళ్ళ మీద లోపలికొచ్చారు. బిళ్ళను ఒకసారి సరిచేసి వెళ్ళారు. పైన పాట పెట్టినట్టున్నారు, ఐదు నిమిషాలకు మళ్ళీ అలాగే దిగివచ్చి, ఊపిరి బిగబట్టి బిళ్ళ వైపు చూశారు. నిలబడే ఉంది. "పడలేదమ్మా. ఇవాళ సౌండు ఒక గీత ఎక్కువే పెట్టాను" అని స్వరూపతో గుసగుసగా అన్నారు. ఆ మొహంలో వెలుగు చూసి నాకు సిగ్గేసింది.

ఆయన వెళ్ళాక స్వరూప మిగతాది చెప్పింది. నాకు నిద్ర ఉండటం లేదని దుర్గాదేవిగారు చెప్పిన దగ్గర్నుంచి, ఇరవై రోజులుగా ఇదే తంతు. బిళ్ళ పడిన రోజు పైకి పోయి పాట కట్టేసి ఊరికే కూర్చునేవారట.

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఒట్టు పెట్టించుకున్నడు. నీకు తెలిస్తే మొగమాటానికి మంచిగ నిద్ర పట్టిందంటవంట. గప్పుడు లెక్క తప్పుతదంట."

కట్టిన మూటలు అక్కడే విప్పేశాను. సాయంత్రం పైకి వెళ్ళి, మేం ఎక్కడికీ పోవడం లేదని చెప్పాను. దుర్గాదేవిగారు కాఫీ తెచ్చారు. సూర్యారావుగారు మాత్రం ముక్కు మీద కళ్ళజోడుతో ఒక పాత డైరీలో ఏదో కొట్టేస్తున్నారు.

"ఏంది సారూ అది?"

"ఇవాళ్టి రీడింగు. చెల్లదు."

"బిళ్ళ పడలేదు కద?"

"బిళ్ళ సంగతి సరేనయ్యా జైపాలూ, నీ గురక ఏది? రోజూ వీధి చివరిదాకా వినబడుతుందే. రేపు నిజంగా పడుకో" అన్నారు.

మర్నాడు నిజంగానే పడుకున్నాను. లేచేసరికి మూడైంది. దిండు పక్కన డైరీలోంచి చింపిన కాగితం ఒకటి పెట్టి ఉంది. తారీకు వేసి, దాని కింద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు: బిళ్ళ నిలిచింది, గురక బ్రహ్మాండం.