ముప్పై అయిదు మీటర్ల లోతున మా బావ

మొన్న అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే ఎవరో చేతిలో కరపత్రం పెట్టారు. ఏదో కంప్యూటర్ కోర్సుదై ఉంటుందని మడవబోయి చూస్తే, అనుభవమున్నవాళ్ళకు సముద్రంలో లోతు డైవింగ్ అని ఉంది. రెయిలింగ్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. మా బావ గుర్తొచ్చాడు.

బల్కంపేట మనిషి ఆయన. మా అక్కను అడగడానికి మధురానగర్‌లోని మా ఇంటికి వచ్చిన రోజున, గల్ఫ్‌లో సముద్రం అడుగున పైపులకు వెల్డింగ్ చేశానన్నాడు. నాన్నగారు నవ్వి ఊరుకున్నారు గానీ నేను నమ్మలేదు, పెళ్ళయ్యాక కూడా నమ్మలేదు. పంజాగుట్టలో ఉద్యోగం చేసుకుంటూ సెలవుల్లో డైవింగ్ నేర్చుకున్నది, నిజం చెప్పాలంటే, ఆయన బండారం బయటపెట్టడానికే.

అలా నాలుగేళ్ళు, అనుమానం పోకుండానే, బావతో కలిసి డైవింగ్‌కు తిరిగాక, పడమటి తీరానికి దూరంగా, కొత్తవాళ్ళను దింపని ఒక రాళ్ళగుట్ట దగ్గర ఇద్దరం దిగాం. ముప్పై అయిదు మీటర్ల లోతున నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. అంతలో బావ నా గాలి మీటరు చూసి, పైకి పోదామని బొటనవేలు ఎత్తాడు. భయపడ్డాడు, దొరికిపోయాడు అనుకున్నాను. నా జాకెట్ పట్టి లాగేసరికి, గుట్టు తెలిసిందని నన్ను చంపడానికే ఇక్కడికి తెచ్చాడని తోచి, ఆయన కళ్ళకున్న అద్దం పీకేశాను. ఉప్పునీళ్ళకు కళ్ళు మండుతున్నా ఆయన పట్టు వదల్లేదు. తన దగ్గరున్న రెండో గొట్టం నా నోటికిచ్చి, ఆగవలసిన చోట ఆగుతూ పైకి తెచ్చాడు. సగం దూరంలో బుర్ర తేటపడి చూస్తే, నా మీటరు ముల్లు దాదాపు సున్నా మీద ఉంది.

పడవెక్కాక ఎర్రబడ్డ కళ్ళు తుడుచుకుంటూ, “లోతుల నైట్రోజన్ మత్తెక్కింది బామ్మర్దీ. గాలి అయిపోతున్నదని చూపిస్తే సుత నవ్వుతుంటివి,” అన్నాడు.

“మత్తే బావా, ఏం చేస్తున్నానో తెలియలేదు.”

“ముందుగాల జర నీళ్ళు తాగు. మీ అక్కకు చెప్పకు, ఫికర్ పడుతది.”

మత్తు నిజమే. కానీ ఆ అనుమానం నేను ఒడ్డు నుంచే వెంట తీసుకెళ్ళిందని ఆయనతో ఎన్నడూ అనలేకపోయాను.

ఇప్పుడు గాలి తగ్గితే మణికట్టు మీది యంత్రమే మోగుతుందట. డైవింగ్‌కు వెళ్ళే మా మేనకోడలు చెప్పింది. మంచిదే. మా రోజుల్లో మన మీటరు వంక కూడా ఓ కన్నేసి ఉంచే మనిషి పక్కన ఉండాల్సి వచ్చేది. ఆమె నాన్న పోయి మూడేళ్ళయింది. ఆనాటి సంగతి చెప్పమని అప్పుడప్పుడూ అడుగుతుంది. మత్తు వరకే చెబుతాను.