పోలమ్మకు నేను నేర్పిన పరుగు

1961లో నేను తోటపల్లి గూడూరు వైపు ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టరును. పోలమ్మ సముద్రపొడ్డున జాలర్లుండే పట్టపుపాలెం పిల్ల, మా బడిలోనే చదివేది, పదహారేళ్లది. సెలవు రోజుల్లో తల్లి కాంతమ్మతో చేపల గంప నెత్తిన పెట్టుకుని నెల్లూరు పోయేది. అప్పట్లో ఐసు లేదు. ఎండ ముదిరితే చేప చెడుతుంది కనుక ఆ ఆడవాళ్లు నడవరు, పరుగెత్తుతారు.

ఒక ఆదివారం సైకిలు మీద వాళ్ల వెంట వెళ్లాను. పోనూ రానూ ఇరవై మైళ్లు పైమాటే. పోలమ్మ పాదం నేలకు బల్లపరుపుగా ఆనేది. మెడ కదిలేది కాదు.

"ఆయాసం రాలేదా?" అన్నాను.

"నాకెందుకు అయ్యోరా? సైకిలెక్కి మీరే రొప్పతా ఉండారు."

ఈనాడు ఆడవాళ్లు మారథాన్ పరుగెత్తుతున్నారు. ఆనాడు మా జిల్లా పోటీల్లో ఆడపిల్లలకు రెండు వందల మీటర్లే ఆఖరు. దూరం పందెం పెట్టమని నిర్వాహకుణ్ణి అడిగితే, "పడి చస్తే మా మెడకు చుట్టుకుంటుంది మాస్టారూ" అన్నాడు. గెలిచిన పిల్లకు డ్రిల్లు టీచరు ట్రైనింగుకు సిఫారసు దొరుకుతుంది. పోలమ్మకు కావలసింది అదే.

"టీచరమ్మనైతే గంప దించేస్తా అయ్యోరా."

అందుకని ఆ పిల్లను స్ప్రింటుకు, అంటే పొట్టి దూరం పరుగుకు, తయారు చేశాను. మడమ ఎత్తి మునివేళ్ల మీద పరుగెత్తమన్నాను. స్ట్రైడ్, అంటే అంగ, పొడుగు చేయించాను. కాంతమ్మ గట్టున నిలబడి నవ్వింది.

"మా బిడ్డకు పరిగెత్తను నేర్పిస్తారా? మీరొకసారి గంప ఎత్తుకోని రాండి, నేను నేర్పిస్తా."

నెల తిరగకముందే పోలమ్మ మడమ పట్టుకుని కూర్చుంది. "నొప్పిగా ఉండాది అయ్యోరా."

"అలవాటయ్యేదాకా ఉంటుంది. లే" అన్నాను.

పోటీనాడు సగం దూరంలో పోలమ్మ కాలిలో పుల్ల విరిగిన చప్పుడైంది. నేను ముగింపు గీత దగ్గర ఉన్నాను, నాకు వినిపించింది. మడమ వెనక నరం తెగిందని డాక్టరు చెప్పాడు. కట్టు విప్పాక కుంటు మిగిలింది. కుంటేవాళ్ల నెత్తిన గంప నిలవదు. టీచరు పనీ లేదు, చేపల పనీ పోయింది. ఇంట్లో కూర్చుని వలలు అల్లేది. నేను ఒక్కసారి వెళ్లి చూశాను. రెండోసారి వెళ్లడానికి ముఖం చెల్లలేదు.

1967లో పోలమ్మ కామెర్లతో పోయింది. కబురు తెలిసి పాలెం వెళ్లాను. కాంతమ్మ నన్ను లోపలికి తీసుకెళ్లింది. గుడిసె మధ్య గుంజ చూపించింది. మనిషి చెయ్యి పట్టే ఎత్తున అది నున్నగా అరిగి ఉంది.

"దినామూ అది పట్టుకోని మునివేళ్ల మీద నిలబడేది. అలవాటైపోతాదని మా అయ్యోరు చెప్పినాడు అనేది."

నీ కాలికి తగిన దూరం పందెం లేదని ఆ పిల్లకు చెప్పి ఉండవలసింది. ఉన్న పందేనికి సరిపడేలా కాలును మార్చాను. ఆ తర్వాత చాలా ఏళ్లు ఉద్యోగం చేశాను. నొప్పి అన్న పిల్లను మళ్లీ ఎన్నడూ పరుగెత్తించలేదు. అది పోలమ్మకు పనికిరాలేదు.