ఇసురుగి గారు అవతలివాళ్ల విమానమెక్కిన రోజు

హనేదా విమానాశ్రయంలోని మా హయాసే ఎయిర్ ఆఫీసులో బిజినెస్ క్లాస్ సీటంటే ఇసురుగి తమోత్సు గారే. ఉద్యోగమంతా ఆయన గీసిందీ చెరిపిందీ అదొక్కటే. పెళ్లికి పిలిచినా ముందు కుర్చీ వీపు నొక్కి చూసి గానీ కూర్చునేవారు కాదు. చాలా మంచి మనిషి. కాకపోతే ఆ మంచితనంలో ఎక్కువ భాగం సీట్లకే పోయేది, ఇంటిదాకా వచ్చేది కాదు.

ఆ ఏడాది మా పోటీదారు అకిత్సు ఎయిర్, సీటు సీటుకీ తలుపున్న కొత్త క్యాబిన్ తెచ్చింది. ఇసురుగి గారి కొత్త సీటు అప్పటికింకా కాగితం మీదే ఉంది. అకిత్సువాళ్ల దానికంటే మనదే మెరుగని తేలితేనే తయారీకి పంపుతామన్నారు డైరెక్టరు. తేలకపోతే ఏళ్ల కష్టం మట్టిపాలు.

అందుకని ఆయనే వాళ్ల విమానమెక్కి కొలిచి రావాలి. మగవాడు ఒంటరిగా టేపుతో తంటాలు పడుతుంటే పట్టుబడిపోతాడని, భార్య ఫుకికో గారిని వెంట తీసుకెళ్లారు. టికెట్లు ఆఫీసువి. ఆమెకు చెప్పింది మాత్రం వేరు.

"లండన్ చూడాలని ఎన్నాళ్లుగానో అంటున్నావుగా. ఈసారి దర్జాగా వెళ్దాం."

ఆవిడ కొత్త బూట్లు కొనుక్కుని, పక్కింటావిడకు రెండుసార్లు చూపించారు.

మా ఉద్యోగుల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. మా కంపెనీ విమానాల్లో సీటు ఖాళీ ఉంటేనే మా కుటుంబాలు ఉచితంగా ఎక్కుతాయి కాబట్టి బెల్లు నొక్కకూడదు, రెండో గ్లాసు అడగకూడదు, టికెట్టు కొన్నవాళ్లు ఎంచుకున్నాక మిగిలిన భోజనమే తినాలి. పెళ్లైన కొత్తలోనే ఇసురుగి గారు భార్యకు ఇవన్నీ నూరిపోశారు.

విమానం పైకి లేచాక రెండు సీట్ల మధ్య అడ్డం దించి, ఆయన గుసగుసగా మొదలుపెట్టారు.

"కాస్త పడుకో చూద్దాం. కాళ్లు బారజాపు. పాదాలు గోడకి తగుల్తున్నాయా?"

"తగుల్తున్నాయండీ."

"మోకాళ్లు?"

"అక్కడా ఇరుగ్గానే ఉంది."

ఆయన మొహం వెలిగిపోయింది. టేపు దుప్పటి కిందికి తోసేశారు.

భోజనాల వేళ ఎయిర్‌హోస్టెస్ వచ్చి, పక్కన మోకాళ్ల మీద కూర్చుని, జపాన్ భోజనం కావాలా, పాశ్చాత్య భోజనం కావాలా అని అడిగింది. ఫుకికో గారు గబుక్కున లేచి కూర్చుని తల వంచారు.

"అందరూ తీసుకున్నాక ఏది మిగిలితే అదే ఇవ్వమ్మా."

మామూలు ప్రయాణికులెవరూ అనే మాట కాదది. ఆ అమ్మాయి చూపు ఇసురుగి గారి మీదికి, దుప్పటి అంచున కనబడుతున్న పసుపుపచ్చ టేపు మీదికి వెళ్లి, తిరిగి ఫుకికో గారి దగ్గరికే వచ్చింది.

"మా విమానమెక్కితే మా అమ్మ కూడా అచ్చం ఇలాగే అంటుందండీ," అంది నెమ్మదిగా. "ఇవాళ మాత్రం మీరే ముందు చెప్పాలి."

ఆమె వెళ్లాక ఇసురుగి గారు తలెత్తలేకపోయారు.

"ఫుకికో, ఇది... నీ కోసం కాదు. ఆఫీసు పని."

"తెలుసండీ. పాదాలు తగుల్తున్నాయా అన్నప్పుడే అర్థమైంది. ఇన్నేళ్లలో నా పాదాల సంగతి ఎప్పుడైనా అడిగారా?" ఆవిడ నవ్వారు. "అందుకే తగుల్తున్నాయన్నా. ఎక్కడ తగుల్తాయీ, బోలెడంత జాగా ఉంది. మీ సీటు ఓడిపోకూడదుగా!"

తిరిగొచ్చాక బోర్డు ముందు ఇసురుగి గారు రెండే ముక్కలు మాట్లాడారు. "అకిత్సుదే మెరుగు. నా భార్య పాదాలు తగల్లేదు." ఆయన సీటు తయారీకి వెళ్లకుండానే వెనక్కొచ్చింది. డైరెక్టరు చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో అని మేమంతా మెచ్చుకుంటూ, ఆఫీసుకి దగ్గర్లోని కమతాలో ఒక చిన్న హోటల్లో ఆయన గ్లాసు నింపాం. ఆయనకది రుచించలేదు.

"తిరిగొచ్చేటప్పుడు విమానంలో మా ఆవిడ బెల్లు నొక్కింది," అన్నారు. "నేనే నొక్కమన్నా. ఎయిర్‌హోస్టెస్ పరుగెత్తుకొచ్చింది, ఏం కావాలండీ అంది. మా ఆవిడ నావైపు చూసింది, పైకి చూసింది. ఏమీ గుర్తురాలేదు. 'ఏం వద్దమ్మా, ఏమనుకోకు' అని ఒకటే దణ్ణాలు. దానికి అడగడమే రాకుండా చేశానయ్యా."

మేం పోసిన గ్లాసును ఆయన అలాగే వదిలేసి ఇంటికి వెళ్లిపోయారు.