తన్ని దణ్ణం పెట్టే క్లాసు

నేను చదివింది ఐదో తరగతి దాకానే. రాయడం అలవాటు లేదు. మా తెలుగు సంఘం వాళ్ళు పుస్తకం వేస్తున్నాం, మీరూ ఏదన్నా రాయండి అంటే కొన్నాళ్ళు తప్పించుకు తిరిగాను. "ఆ క్లాసు గురించి రాయి అమ్మా" అని మా అమ్మాయి పట్టుకుంది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మేం మెల్‌బోర్న్‌లో క్రాన్‌బర్న్ వైపు ఉంటాం. మా ఆయన ఒక ఇండియన్ రెస్టారెంట్లో వంట చేస్తారు. ఆయనకు సాయంత్రాలే పని. అమ్మాయి యూనిలో చదువుతోంది. నేను ఒక చైల్డ్‌కేర్ వంటగదిలో పని చేస్తున్నాను. ఊళ్ళో ఉన్నప్పుడు పొలం పనులన్నీ చేశాను గానీ, మెడలో బ్యాడ్జీ వేసుకుని వెళ్ళే ఉద్యోగం నాకు ఇదే మొదటిది. పప్పు వండిన రోజున పిల్లలు గిన్నె చేత్తో పట్టుకుని వంటగది గుమ్మం దాకా వచ్చేస్తారు. "మోర్ ఎల్లో సూప్, ఆంటీ!" అని. అది సూప్ కాదురా, పప్పురా అంటే నవ్వుతారు. నాకు ఆ పిల్లలంటే ప్రాణం.

చలికాలంలో ఇక్కడ నేను పని ముగించి రైలు దిగేసరికి చీకటి పడిపోతుంది. స్టేషన్ నుంచి మా ఇంటికి కొత్త ఇళ్ళ వెనకగా ఒక కాలిబాట ఉంది. పక్కన చిన్న వాగు, గడ్డి. ఒకరోజు ఆ దారిలో ఒకతను నా వెనకే వచ్చాడు. నేను ఆగితే ఆగాడు, నడిస్తే నడిచాడు. చివరికి పక్కకు వచ్చి ఏదో అడుగుతూ నా బ్యాగు పట్టుకుని లాగాడు. కేక వెయ్యాలని నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. బ్యాగు తీసుకుని పోయాడు. అందులో ఉన్నది ఖాళీ టిఫిన్ డబ్బా, కళ్ళజోడు. పోతే పోయాయి. నా గొంతు నాకే రాకపోవడమే నన్ను తినేసింది.

ఆ తర్వాత ఒక్కదాన్నే ఆ దారిన నడవలేకపోయాను. స్టేషన్లో దిగి లైటు కింద నిలబడేదాన్ని. అమ్మాయి క్లాసు మధ్యలో లేచి కారేసుకుని వచ్చేది.

"ఎందుకొచ్చిన గోల. మానెయ్యి," అన్నారు మా ఆయన. "నేను తెచ్చేది చాలదా ఏంది మనకు?"

"చాలక కాదులే."

"మరి ఇంకేంది? పిల్ల చదువు పోతంది, నీకు నిద్ర పోతంది. ఇంట్లో కూర్చో హాయిగా."

ఆయన కోపంతో అనలేదు. భయంతో అన్నారు. ఆయన మాటలో తప్పేమీ నాకు కనిపించలేదు. అందుకే ఏడుపొచ్చింది. ఈ నెలాఖరుకు మానేస్తానని చెప్పేద్దాం అనుకున్నాను.

అమ్మాయి ఒప్పుకోలేదు. "నో వే. అమ్మా, యూ లవ్ దోజ్ కిడ్స్. యూ ఆర్ నాట్ క్విటింగ్," అంది. కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్ళకు శనివారం పొద్దున ఆత్మరక్షణ నేర్పుతున్నారని, తనూ వస్తానని చెప్పి నన్ను లాక్కెళ్ళింది. అక్కడ చూస్తే సగం మంది మన తెలుగువాళ్ళే. మా వీధిలో ఉండే తెలంగాణ వదిన కూడా ఉంది. ఆవిడ ఐటీలో మేనేజరు. నన్ను చూడగానే, "వచ్చినవా వదినా! నాకొక్కదానికే సిగ్గయితుండె," అని నా చెయ్యి పట్టుకుంది.

నేర్పే ఆవిడ తెల్లామె. పోలీసు ఉద్యోగం చేసి రిటైరయిందట. జుట్టంతా నెరిసిపోయింది, మనిషి మాత్రం రాయిలా ఉంది. మేమందరం ఆమెను మేడమ్ అనేవాళ్ళం. మేడమ్ అనొద్దు అని ఆమె మొత్తుకునేది.

మొదటిరోజే మా వదిన చెయ్యెత్తి, బ్యాగులో కారప్పొడి పెట్టుకోవచ్చా అని అడిగింది. కుదరదంది ఆమె. మనిషి మీద చల్లడానికని ఏదీ వెంట పెట్టుకు తిరగకూడదట, ఇక్కడ చట్టం ఒప్పుకోదట.

"మరి నా డబ్బాల చికెన్ కర్రీ ఉంటది గదా. గది కారప్పొడి కంటె డేంజర్," అంది వదిన నా చెవిలో. నేను నవ్వాపుకోలేక దగ్గాను.

మేడమ్ చెప్పిన పద్ధతి తేలికే. ముందు రెండు చేతులూ అడ్డం పెట్టి గట్టిగా అరవాలి. అయినా మీదికొస్తే మోకాలి కింద ఒక్క తన్ను తన్నాలి. తన్నగానే పరుగెత్తాలి. ఆమె కాళ్ళకు లావుపాటి మెత్తలు కట్టుకుని నిలబడి, ఒక్కొక్కరూ వచ్చి తన్నమంది.

ముందు మా వదిన వెళ్ళింది. బాగానే తన్నింది. తన్నిన మరుక్షణం వంగి, ఆమె కాలికి కట్టిన మెత్తను చేత్తో తాకి కళ్ళకద్దుకుంది. తర్వాతి ఆవిడా అంతే. తర్వాత నేను. అలా చెయ్యాలని అనుకోలేదు, చెయ్యి దానంతట అదే పోయింది. కాలు పుస్తకానికి తగిలినా, మనిషికి తగిలినా అద్దుకునే చేతులు కదా.

ఆమె కాసేపు చూసింది. మన దేశపు కసరత్తేమో అనుకుందట. తర్వాత "స్టాప్, స్టాప్!" అని అరిచి, ఎందుకు వంగుతున్నారని అడిగింది. మా అమ్మాయి నవ్వుతూనే ఇంగ్లీషులో అంతా చెప్పింది. కాలు తగిలితే మన్నించమని అడగడం అది అని.

"అంటే, నన్ను తన్ని నాకే సారీ చెబుతున్నారా?"

"యా. అండ్ యూ ఆర్ ఓల్డర్, సో ఇట్స్ వర్స్," అంది మా అమ్మాయి.

ఆమె పడీపడీ నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి నా ముందుకొచ్చి నిలబడింది. నువ్వు వంగినప్పుడు నీ తల ఎక్కడుందో చూడు అంది. చూశాను. సరిగ్గా ఆమె చేతి కింద ఉంది.

తన్నే ముందే అందరూ దణ్ణం పెట్టుకోండి, ఇవాళ్టి తన్నులన్నీ నేను ముందుగానే మన్నించేస్తున్నాను అంది ఆమె. మేం వరసగా వెళ్ళి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాం. ఆమెకు ఏం చెయ్యాలో తెలియక ఒక్కొక్కరి తలా నిమిరింది. మా వదినైతే, "నిండు నూరేండ్లు బతుకుమని అనుండ్రి మేడమ్," అని ఆమెకు తెలుగులోనే నేర్పబోయింది. ఆ తర్వాత తన్నితే మళ్ళీ సగం మంది వంగారు. అయినా ఆమె విసుక్కోలేదు. వంగబోతున్న ప్రతివాళ్ళనీ భుజం పట్టి నిలబెట్టి, "రన్, డార్లింగ్, రన్!" అని తరిమేది. కొన్ని వారాలకు చేతులు మాట వినడం నేర్చుకున్నాయి.

నాకు తన్ను వచ్చింది, పరుగూ వచ్చింది. అరుపు మాత్రం రాలేదు. "బ్యాక్ ఆఫ్" అనమంటే ఫోన్లో మాట్లాడినట్టు అనేదాన్ని.

"ఏంది వదినా, పాలు పొయ్యమని అడుగుతున్నవా వాన్ని?" అనేది వదిన.

అప్పుడు మేడమ్ నన్ను పక్కకు పిలిచింది. అమ్మాయిని మధ్యలో పెట్టుకుని, నీ జన్మలో గట్టిగా అరిచింది ఎప్పుడు అని అడిగింది. ఆలోచించాను. ఐదో తరగతి అవగానే నన్ను బడి మానిపించి జొన్నచేలో మంచె ఎక్కించారు, పిట్టల్ని తోలడానికి. వడిసెలతో రాళ్ళు విసురుతూ పొద్దుగూకే దాకా అరిచేదాన్ని. ఆ సంగతి చెప్పాను. వడిసెల అంటే ఏంటో చెయ్యి తిప్పి చూపించాను. తాడుతో రాయి విసిరేది అని అమ్మాయి చెప్పింది. చెప్పి నావైపు కొత్తగా చూసింది. తనకు ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

"యూ నెవర్ టోల్డ్ మీ."

"చెప్పుకునేంత గొప్పేముంది అందులో? బడి మానేసిన సంగతేగా."

"అమ్మా, దట్స్ సో కూల్."

మేడమ్ హాలు ఆ చివరకు వెళ్ళి నిలబడింది. ఇంగ్లీషు వద్దు, అదే అరుపు కావాలి అంది. కళ్ళు మూసుకున్నాను. కడుపులో నుంచి తీసి, "హేయ్య్! పో అవతలికి!" అని ఒక్కటి వేశాను. పక్కగదిలో బొమ్మలు వెయ్యడం నేర్చుకునే ముసలివాళ్ళు తలుపు తీసి తొంగి చూశారు. మా వదిన గుండె మీద చెయ్యేసుకుని, "నా బీపీ గోలీ ఏడున్నదే?" అంది. మేడమ్ మాత్రం రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాతి వారం, గురువారం సాయంత్రం క్లాసు మానొద్దని, నేను నడిచే వస్తానని అమ్మాయికి చెప్పాను. మా ఆయనకు చెప్పలేదు.

రైలు దిగాను. లైటు కింద కాసేపు నిలబడ్డాను. వెనక్కి తిరిగి బెంచీ మీద కూర్చుందామా అనిపించింది. తర్వాత నడిచాను. వాగు దగ్గరికి వచ్చేసరికి వెనక అడుగుల చప్పుడు. వేగంగా వస్తున్నాయి. పక్కకు జరిగి వెనక్కి తిరిగాను. చేతులు రెండూ అడ్డం పెట్టి, "హేయ్య్! ఆగక్కడ!" అని అరిచాను.

జాగింగు చేసే కుర్రాడు. చెవుల్లోవి పీకేసి గడ్డిలోకి గెంతాడు. "సారీ! సారీ! నో వర్రీస్!" అంటూ చాలా దూరంగా చుట్టు తిరిగి పోయాడు. పాపం, వాడికి నాకంటే ఎక్కువ భయమేసినట్టుంది. నేను వంగలేదు, సారీ అనలేదు. ఊపిరి పీల్చుకుని నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాను.

అమ్మాయి ఫోను చేసింది. గుసగుసగా మాట్లాడుతోంది, క్లాసులో ఉందని అర్థమైంది. "వేర్ ఆర్ యూ? నేను రావాలా?"

"ఇంట్లోనే ఉన్నాలే. నువ్వు చదువుకో."

మా ఆయన పని ముగించి ఇంటికొచ్చాక, అన్నం పెడుతూ చెప్పాను. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, "ఒక్కదానివే వచ్చావా?" అన్నారు. అవునన్నాను. తిని చెయ్యి కడుక్కుంటూ, "రేపు ఎన్నింటికి పోవాల పనికి?" అని అడిగారు.

ఎప్పుడూ పోయే వేళకేనని చెప్పాను.