మగ్గం ముందు చెప్పులు

జగిత్యాల నుంచి తిరిగివస్తూ సిరిసిల్లలో ఒక మరమగ్గాల షెడ్డు చూడబోతే, ఆసామి రాజేశం గడప దగ్గరే చెప్పులు విప్పించాడు. లోపల పనివాళ్లు కూడా నూనె మరకల నేల మీద వట్టికాళ్లతో తిరుగుతున్నారు. వాళ్లలో ఇనుప ముక్క గుచ్చుకున్న లచ్చయ్య మడమకు కట్టు ఉంది.

"యంత్రానికి మైల ఏమిటండీ?" అన్నాను.

"సాంచ, అంటే ఈ మరమగ్గమే, మాకు దేవుడు సారూ. దేవుని కాడ చెప్పులేంది?" అన్నాడు రాజేశం.

నేను ఊరుకునే రకం కాదు. వాదన ఐరోపా దాకా తీసుకెళ్లాను. "ఫ్రాన్సులో కార్మికులు కోపంతో కొయ్యబూట్లను మగ్గాల్లోకే విసిరారు. ఆ బూటు పేరు సాబో. దాన్నుంచి పుట్టిన సాబొటాజ్ అనే మాట ఇంగ్లీషు, జర్మన్, ఇటాలియన్, అన్నిట్లోకీ పాకింది. వాళ్లలో ఒక్కడికైనా కళ్లు పోయాయా?"

"మరి మగ్గాలు ఏమైనయి?"

"విరిగాయి."

రాజేశం లేచి, గడప దగ్గరి చెప్పులన్నీ గేటు బయట పెట్టించాడు.

నాకు కంగారు పుట్టింది. అది ఉత్త కథేననీ, ఆధారం లేదనీ, ఆ మాటకు మొదట కొయ్యబూట్లతో టకటకా నడవడమని, తర్వాత పని చెడగొట్టడమని అర్థం వచ్చిందనీ బతిమాలుతూ చెప్పాను.

"ఆధారం లేంది మీరెందుకు చెప్తరు సారూ? ఇన్నొద్దులు దేవుడని చెప్పులిప్పించిన. గిప్పుడు కారణం దొరికింది" అన్నాడు.

కాసేపటికి బయటికి వెళ్లొచ్చిన లచ్చయ్య గేటు దగ్గరే చెప్పులు విడిచి, ఎండలో కాలే నేల మీద కుంటుకుంటూ లోపలికొచ్చాడు.

"సారూ, దేవుడున్నప్పుడే మంచిగుండె" అన్నాడు. "చెప్పులు గడప కాడనే ఉండె."